ఇద్దరూ ఒకే అంకె చూస్తే



బాన్సువాడ వాళ్లకు గల్ఫ్ విమానం కొత్త కాదు. శంషాబాద్‌లో మనవాళ్లను సాగనంపి వచ్చేస్తాం. ఆ తర్వాత భారమంతా కాక్‌పిట్‌లోని ఇద్దరిదే. ఆ ఇద్దరిలో రెండో మనిషి ఎందుకో ఈ రోజు చెప్తాను. పట్టాలు అందుకున్న మీరు రేపు చేరబోయే ఉద్యోగాల్లో మీ స్థానం అదే.

1989 సెప్టెంబర్ 3. బ్రెజిల్‌లో వారిగ్ సంస్థ విమానం మరాబా నుంచి బెలెంకు బయలుదేరింది. దాదాపు ఉత్తరంగా, గంటలోపు ప్రయాణం. ఫ్లైట్ ప్లాన్ కాగితంలో వెళ్లాల్సిన దిక్కు (హెడింగ్) 0270 అని ఉంది. చివరి సున్నా దశాంశం, అంటే 27 డిగ్రీలు. కెప్టెన్ దాన్ని 270గా చదివాడు. అది నేరుగా పడమర! బయట తనిఖీ ముగించుకుని వచ్చిన కో పైలట్ కాగితం తెరవలేదు. కెప్టెన్ పెట్టిన అంకె చూసి తనవైపూ అదే పెట్టుకున్నాడు. పొద్దు గుంకే వేళ, ఎడమ పక్కన ఉండాల్సిన సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. అదీ వాళ్లను సమయానికి ఆపలేదు. మూడు గంటలు దాటాక ఇంధనం అయిపోయి, చీకట్లో విమానం అమెజాన్ అడవిలో పడింది. కొందరు ప్రాణాలతో బయటపడలేదు.

ఇప్పుడు కంప్యూటర్లు ఉన్నాయి కదా అంటారేమో. 2015 మార్చి 10న సిడ్నీలో ఎయిర్ ఏషియా ఎక్స్ విమానం కౌలాలంపూర్‌కు సిద్ధమవుతోంది. రేఖాంశం 15109.8 అని కొట్టాల్సిన చోట కెప్టెన్ 01519.8 అని కొట్టాడు. దాంతో కంప్యూటర్ లెక్కలో విమానం 11,000 కిలోమీటర్ల అవతల ఉంది! తెర మీద హెచ్చరికలు వచ్చినా ఇద్దరికీ తప్పు దొరకలేదు. గాల్లోకి లేచి ఆటోపైలట్ వేయగానే విమానం ఎడమకు తిరిగి, పక్క రన్‌వే నుంచి లేచే విమానాల దారికి అడ్డం పోయింది. కంట్రోలర్ గమనించి చెప్పాడు. చివరికి మెల్‌బోర్న్‌లో క్షేమంగా దింపారు.

మన నల్లమలలో 2009 సెప్టెంబర్ 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారితో సహా ఐదుగురిని బలిగొన్న హెలికాప్టర్ ప్రమాదం దారి తప్పడం వల్ల జరిగింది కాదు. కిందికి తోసే బలమైన గాలిలో అదుపు తప్పిందని విచారణ తేల్చింది. కానీ అంతకుముందు కీలక నిమిషాల్లో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ సమస్యకు పరిష్కారం వెతకడంలోనే పైలట్ల ధ్యాస ఉండిపోయిందనీ, వాతావరణం మీది నుంచి దృష్టి మళ్లిందనీ చెప్పింది.

ఇద్దరూ ఒకే చోట చూస్తే అక్కడున్నది ఒక్కరే. పక్కవాడి జవాబు చూసి రాసుకోవడాన్ని సరిచూడటం అనరు.

రేపు మీరు బ్యాంకులో ఖాతా నంబరు కొడతారు, ల్యాబ్‌లో రక్తం గ్రూపు రాస్తారు, తహసీల్ ఆఫీసులో సర్వే నంబరు ఎక్కిస్తారు. "సారే రాశారు, మళ్లీ నేను చూసేదేంది?" అనిపిస్తుంది. పెద్దవాళ్లను ప్రశ్నించడం మర్యాద కాదని పెరిగినవాళ్లం మనం. మర్యాద తప్పకుండానే అడగొచ్చు: "సార్, అసలు కాగితం ఒకసారి ఇవ్వండి, నేను కూడా చూస్తాను." ఆ మాటకు ఎవరైనా విసుక్కున్నా సరే, కాగితం చూశాకే సంతకం పెట్టండి. పదేళ్లకు ఆ కుర్చీలో మీరే కూర్చుంటారు. అప్పుడు మీ కింద పనిచేసే కుర్రవాడు అదే మాట అడిగితే విసుక్కోకుండా కాగితం అతని చేతికివ్వండి.