వెనక వరసలో కూర్చోవడం నేర్చుకుందాం

(అంతర్జాతీయ మహిళా దినోత్సవం సందర్భంగా భీమునిపట్నంలో జరిగిన పెన్షనర్ల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళా దినోత్సవం నాడు మగవాణ్ణి మాట్లాడమన్నారేమిటని ముందు వరసలో ఒక అమ్మగారు నవ్వుతున్నారు. ఆవిడ నవ్వులో న్యాయముంది. అందుచేత ఆడవాళ్ళు ఏం చేయాలో నేను చెప్పబోవడం లేదు. వారు తమ హక్కుల కోసం రోడ్డెక్కినప్పుడు మనవంటి రిటైరైన మగవాళ్ళు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నంతవరకే మాట్లాడతాను.

సమ్మె అంటే మనకు కొత్త కాదు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం పదవీ విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఉద్యోగులంతా ఎంత ఆందోళన పడ్డారో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. ఆ తర్వాత కూడా ఎన్నో ఆందోళనలు చేశాం. జీతం రాని నెలల్లో పచారీ కొట్టువాడికి సర్దిచెప్పింది ఎవరు? పిల్లల ఫీజుకు గాజులు తీసి ఇచ్చింది ఎవరు? మన ఇల్లాళ్ళు. అయినా వారిలో ఒక్కరు కూడా వేదిక ఎక్కి మైకు ఇమ్మని అడగలేదు. పోరాటానికి తోడు నిలవడం అంటే ఏమిటో మన ఇళ్ళల్లోనే మనకు పాఠం ఉంది. ఇప్పుడు ఆ పాఠం అప్పజెప్పే వంతు మనది.

ఈ సందర్భంలో 1992 నాటి నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామం తలచుకోవాలి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు, పాఠ్యపుస్తకంలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ కథ చదివి, మన ఊళ్ళో మాత్రం ఎందుకు మూయించకూడదని కదిలారు. దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మారుమోగింది. జిల్లాలో సారా వేలం పాటలు ఆగిపోయాయి. చివరకు 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

అప్పట్లో ఆఫీసుల్లో టీ వేళ ఒక మాట వినిపించేది: "సారా ఆదాయం పోతే మన జీతాలు ఎక్కణ్ణుంచి ఇస్తారు?" అని. ఖజానా లెక్క తెలిసినవాళ్ళు అన్న మాటే. కాని ఆ ఆదాయం ఏ ఇంటి కంచంలోంచి వచ్చిందో ఆ లెక్క ఏ లెడ్జరులోనూ లేదు. అది రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళకే తెలుసు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మరొకటి. ఆ అక్షరాస్యతా కేంద్రాల్లో పాఠం చెప్పిన వలంటీర్లలో మగపిల్లలూ ఉన్నారు. వారు అక్షరం ఇచ్చారు. ఏ దుకాణం ముందు కూర్చోవాలి, ఎన్నాళ్ళు కూర్చోవాలి అన్నది ఆడవాళ్ళు నిర్ణయించుకున్నారు. సాయం చేసేవాడి హద్దు అక్కడే ఉంది. మన చేతిలో ఉన్నది ఇవ్వాలి, నిర్ణయం వారికి వదలాలి.

ఇక మన కళ్ళముందు జరిగిన సంగతి. 2023 డిసెంబరు 12న రాష్ట్రవ్యాప్తంగా అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెలోకి దిగారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. కనీస వేతనం, గ్రాట్యుటీ వారి ప్రధాన కోరికలు. కేంద్రాల తాళాలు పగలగొట్టారు, 2024 జనవరిలో ఎస్మా ప్రయోగించారు. అయినా 42 రోజులు నిలబడ్డారు.

గ్రాట్యుటీ వారు కొత్తగా పుట్టించిన కోరిక కాదు. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం అంగన్‌వాడీ వారికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది. మనలో ఎంతోమంది గ్రాట్యుటీ డబ్బుతో ఆడపిల్ల పెళ్ళి చేశాం, ఇంటికి స్లాబు వేయించుకున్నాం. మనకు హక్కు అయినది, ఊళ్ళో పసిపిల్లలకు గుడ్డు, పాలు అందించి అక్షరాలు దిద్దించే మనిషికి దయాధర్మం ఎలా అవుతుంది?

ఆ రోజుల్లో మనలో కొందరం ఇక్కడి శిబిరానికి వెళ్ళివచ్చేవాళ్ళం. ఒకనాడు మన మిత్రుడొకరు సంఘీభావంగా నాలుగు మాటలు చెప్తానంటే, ఒక ఆయా మర్యాదగానే అన్నది: "మాటాడ్డానికి మాకు సాలామంది ఉన్నారు బాబూ. ఈ కాయితాలు సూసిపెట్టీవోలే నేరు." అందరం నవ్వేశాం. తర్వాత టార్పాలిన్ కింద ఒక మూల కూర్చుని కాగితాలు చూశాం. ఒకామెకు నియామక ఉత్తర్వులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. ఇంకొకామెకు చేరిన తేదీకి రుజువే లేదు. పాతికేళ్ళు పని చేసినట్టు ఊరంతటికీ తెలుసు, కాగితానికి తెలియదు. కోర్టు తీర్పు ఇచ్చినంత మాత్రాన డబ్బు చేతికి రాదని, జీ.ఓ. రావాలని, వచ్చాక సర్వీసు రుజువు కావాలని మనకంటె బాగా ఎవరికి తెలుసు?

మన విద్య అదే. అర్జీ ఎవరి పేర రాయాలి, ఏ జీ.ఓ. ఉదహరించాలి, ఇన్‌వర్డు నంబరు వేయించుకోకుండా కాగితం ఇచ్చి రాకూడదు, నకలు దగ్గర ఉంచుకోవాలి - ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. అయితే అర్జీలో మాట వారిదిగా ఉండాలి. సొగసు కోసం మనం కోరికను మార్చకూడదు, తగ్గించకూడదు. సంతకం చేసే ముందు మొత్తం చదివి వినిపించాలి.

రెండో పని ఇంకా కష్టం. సాయంత్రం బీచిలో బెంచీల మీద కూర్చున్నప్పుడు, "ఆడవాళ్ళకు రోడ్డు మీద ఏం పని?" అని ఎవరో ఒకరు అంటారు. శిబిరంలో చప్పట్లు కొట్టడం తేలిక, ఆ బెంచీ మీద నలభై ఏళ్ళ స్నేహితుడికి ఎదురు చెప్పడం కష్టం. ఆడవాళ్ళు అక్కడ ఉండరు. కనుక అక్కడ మాట్లాడవలసింది మనమే. తగవు అక్కరలేదు. "నీ గ్రాట్యుటీ నీకు ఎలా వచ్చిందోయ్?" అని ఒక్క ప్రశ్న చాలు.

మూడో పని మన గడప లోపల. మన పి.పి.ఓ. ఎక్కడుందో, ఫ్యామిలీ పెన్షనుకు ఎవరికి దరఖాస్తు పెట్టాలో మనలో ఎందరి భార్యలకు తెలుసు? భర్త పోయిన దుఃఖంలో బీరువాలన్నీ వెతుక్కుంటూ ఆఫీసు చుట్టూ తిరిగే ఆడవాళ్ళను మనం సీట్లో కూర్చుని ఎందర్ని చూశాం! ఈ రాత్రే ఆ కాగితాలు బయటకు తీసి ఆవిడకు చూపించండి. ఇంట్లో హక్కు చెప్పనివాడు వీధిలో హక్కుల గురించి మాట్లాడితే శోభించదు.

చివరగా కార్యవర్గానికి ఒక మనవి. వారానికి ఒక పూట మన సంఘం గదిలో ఒక బల్ల, ఇద్దరు సభ్యులను కేటాయించండి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, ఫ్యామిలీ పెన్షను కోసం తిరిగే తల్లులు ఎవరు వచ్చినా కాగితాలు ఉచితంగా చూసిపెడదాం. ఫోటోలు, దండలు వద్దు. వారి సభ జరిగితే వెళ్దాం, కుర్చీలు వేద్దాం, వెనక వరసలో కూర్చుందాం. పిలిస్తేనే ముందుకు వెళ్దాం. మొదటి వారం బల్ల దగ్గర కూర్చునేవారిలో నా పేరు రాసుకోండి. రెండో పేరు కోసం ఎదురు చూస్తుంటాను.