ఆకాశమునందలి తూనికరాళ్లు



సంతలో త్రాసు పట్టిన వర్తకుని యెదుట నిలిచినప్పుడు మన పెద్దలు మొదట చూచునది సరకును గాదు. తూనికరాళ్లపై సర్కారు ముద్ర యున్నదా, తట్టలు వట్టివిగా నున్నప్పుడు ముల్లు నడుమ నిలుచుచున్నదా యని చూచి, ఆ మీదటనే ధాన్యము పోయింతురు. ఆకాశమునందలి జ్యోతులను కొలుచు శాస్త్రజ్ఞులకును ఇదియే మొదటి పని. వారి తూనికరాళ్లెవ్వి, వానిని వారెట్లు ఏరుకొందురు, ఏరుకొనుటలో చిక్కెక్కడ నున్నది యను విషయమును నేడు మీకు విన్నవింపదలచితిని.

మీడియం వేవు ప్రసంగములను మీ యిండ్లకు మోసికొనివచ్చు రేడియో తరంగముల పొడవు వందల మీటర్లు. కంటికి కానవచ్చు వెలుగును తరంగమే గాని, దాని పొడవు మిల్లీమీటరులో రమారమి రెండువేలవ వంతు. ఈ రెంటికిని నడుమ, ఆవగింజంత పొడవు గల తరంగములు కొన్ని కలవు. ఒక మిల్లీమీటరు మొదలు పది మిల్లీమీటర్ల వరకు గలవానిని మిల్లీమీటరు తరంగములందురు. నక్షత్రములు పుట్టుచున్న చల్లని మేఘములలోని సంగతులను వెలుగు చెప్పజాలదు. ఆ మేఘములలోని ధూళి దానిని మ్రింగివేయును. ఈ తరంగములు చెప్పగలవు. 1970లో విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అను మువ్వురు అమెరికాలోని కిట్ పీక్ పర్వతముపై నున్న 36 అడుగుల దూరదర్శినితో, మనము మృగశిర యని చూపు తావునకు దిగువనున్న ఓరయన్ మేఘమునుండి కార్బన్ మోనాక్సైడు వాయువు వెలువరించు 2.6 మిల్లీమీటర్ల తరంగమును పట్టిరి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పరుండినవారి ప్రాణము తీయు వాయువదియే. అక్కడ మాత్రము అది నక్షత్రముల పురిటింటి జాడ చెప్పును.

ఈ దూరదర్శినులలో అద్దములుండవు. గిన్నెవలె లోతుగా మలచిన లోహపు పళ్లెము లుండును. స్పెయిను దేశమున పీకో వెలేటా యను కొండపై 30 మీటర్ల పళ్లెమొకటి కలదు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున, సముద్రమట్టమునకు 5,000 మీటర్ల యెత్తుననున్న అటకామా ఎడారి పీఠభూమిపై 66 పళ్లెములు కలిసి ఒక్క దూరదర్శినిగా పనిచేయుచున్నవి. దానిని ఆల్మా యందురు. 2013లో దాని ప్రారంభోత్సవము జరిగెను. మన బెంగుళూరులోని రామన్ పరిశోధనాలయమున సయితము గత శతాబ్దాంతమున 10.4 మీటర్ల మిల్లీమీటరు తరంగ దూరదర్శిని యొకటి పనిచేసినది. అంత యెత్తునకు, మనుష్యునకు ఊపిరి చాలని చోటికి, పోవుట యెందుకనగా గాలిలోని నీటియావిరి యీ తరంగములకు బద్ధవైరి. ఆ యావిరిలో అధికభాగము నేలకు దగ్గరనే యుండును.

తగవంతయు ఈ యావిరితోనే. నింగినుండి వచ్చిన తరంగములో కొంత ఆవిరి మ్రింగును. ఎంత మ్రింగినదో గడియ గడియకు మారును. పైగా ఆవిరి తానును ఇంత వెలువరించును. మిక్కిలి దూరమునుండి వచ్చిన లేశము, ఆవిరి కలిపిన కల్తీ, యంత్రములోని రొద, ఈ మూడును కలిసి ఒక్క అంకెగా చేతికి వచ్చును. ఆ అంకె నిన్న పది, నేడు ఎనిమిది యైనచో మారినది జ్యోతియా, గాలియా, యంత్రమా? చెప్పుటకు దారి యొక్కటే. అదే గాలిగుండ, అదే యంత్రముతో, మనకు ముందే తెలిసిన జ్యోతి నొకదానిని చూడవలెను. తెలిసినదానిని ప్రమాణజ్యోతి యనియు, తెలియగోరుదానిని లక్ష్యజ్యోతి యనియు నేను పిలిచెదను.

ప్రమాణమునకు ఎవరిని పిలువవలెను? మిక్కిలి ప్రకాశించువానిని పిలిచిన చాలదా యని మీరనవచ్చును. బృహస్పతిని తీసికొందము. ఆకాశమున అది దాదాపు 50 వికలల వెడల్పు వరకు కనబడును. డిగ్రీలో 3,600వ వంతు వికల. స్పెయినులోని 30 మీటర్ల పళ్లెము 1.3 మిల్లీమీటరు తరంగమున ఒక్కసారి చూడగలిగినది సుమారు 11 వికలలు మాత్రమే. కుంచములో పట్టని రాశి కుంచమునకు ప్రమాణ మగునా? అంగారకుడు మేలు, గట్టి నేల గలవాడు, వాని వేడిమిని లెక్కకట్టవచ్చును. కాని వాడు భూమికి చేరువైనప్పుడు 25 వికలలు, దూరమైనప్పుడు నాలుగు వికలలకు లోపు. పైపెచ్చు అప్పుడప్పుడు గ్రహమంతయు ధూళితుపాను కప్పివేయును. శనిగ్రహపు చంద్రుడు టైటన్ చిన్నది, చక్కనిది. అయినను దాని వాయుమండలమున కార్బన్ మోనాక్సైడు కలదు. ఆ వాయువును వెదకువాడు టైటన్‌ను ప్రమాణముగా పెట్టుకొన్నచో, తూనికరాతికే వెన్న పూసినట్లగును.

అందుచేత విజ్ఞులు తరచుగా యురేనస్, నెప్ట్యూన్ గ్రహములను ఆశ్రయింతురు. 1781లో ఒకటి, 1846లో ఒకటి కనుగొనబడినవి; మన పూర్వుల నవగ్రహములలో వీనికి చోటు లేదు. మొదటిది మూడున్నర వికలలు, రెండవది రెండు వికలలకు కొంచెము పైన. చిన్నవి, నిలుకడ గలవి, ఎంత వేడిమి వెలువరించునో చక్కగా లెక్కకు వచ్చినవి. కాంతిబలమును తూచుటకు ఇంతకంటె మంచి రాళ్లు అరుదు.

ఇంతటితో పని తీరినదా? తీరలేదు. కాంతిబలమును తూచు రాయి తరంగపు నడకను సరిచేయుటకు పనికిరాదు. ఆల్మాలోని పళ్లెములను 16 కిలోమీటర్ల మేర యెడముగా నిలిపి ఒక్క కన్నుగా పనిచేయింపవలెనన్నచో, అన్నింటికిని తరంగము ఒక్క తాళమున చేరినట్లు లెక్క కట్టవలెను. భజనలో నలుగురు తాళములు తలొక దెబ్బకు వేసినచో పాట చెడును గదా! గాలిలోని ఆవిరినంతయు నీరుగా దింపినచో అది ఒక మిల్లీమీటరు లోతైనప్పుడు, తరంగమునకు ఆరు మిల్లీమీటర్లకు పైగా దారి పెరిగినట్లగును. తరంగపు పొడవే యొక మిల్లీమీటరు! ఒక పళ్లెముపై కొంచెము తేమగాలి సాగిపోయినచో తాళము తప్పును. దీనికి విరుగుడు, లక్ష్యజ్యోతికి కొలది డిగ్రీల లోపల బిందువువలె నుండు ప్రమాణజ్యోతి నొకదానిని ఎన్నుకొని, కొన్ని నిమిషముల కొకసారి దానివైపు మరలి చూచుట. పొలము కొలుచువాడు మాటిమాటికి హద్దురాతివద్దకు వచ్చి గొలుసు సరిచూచుకొన్నట్లు. అంత సూక్ష్మమైన చూపునకు యురేనస్ బిందువు గాదు, పెద్ద పళ్లెరము. కావున ఈ పనికి క్వేజారు లను దూరపు జ్యోతులను వాడుదురు. వానిని మొదట గుర్తించినది 1963లో. మార్టెన్ ష్మిట్ అను పండితుడు కన్యారాశిలోని 3సి 273 అను జ్యోతి మిక్కిలి దూరమున నున్నదని తేల్చెను.

క్వేజారులది మరియొక గుణము. బిందువులే గాని చపలములు. నెలలలో రెట్టింపగును, సగమగును. కనుక ఆల్మావారు సుమారు 40 క్వేజారులను కొద్ది వారముల కొకసారి గ్రహములతో సరిపోల్చి, అవి నేడెంత బలముగా నున్నవో వ్రాసిపెట్టుకొందురు. ముద్ర తూకములను సరిచూచు అధికారి పనియే యిది. నా దృష్టిలో ఈ శాస్త్రమున పేరు రాని పనులలో దీనికి మించినది లేదు.

వట్టి ఆకాశమును ఎన్నుకొనుటయు ఒక విద్యయే యన్నచో మీరు నవ్వుదురేమో. ఒక్క పళ్లెముతో చూచువారు లక్ష్యమును కొంతసేపు, దాని ప్రక్కనున్న వట్టిచోటును కొంతసేపు చూచి, మొదటిదానినుండి రెండవదానిని తీసివేయుదురు. అప్పుడు గాలిది, యంత్రముది పోయి జ్యోతిది మిగులును. ఆ వట్టిచోట తెలియకుండ కొంత వాయువున్నచో? లేని చోట లోపము, ఉన్న చోట తక్కువ కనబడును. పాలపుంత నడుమ కార్బన్ మోనాక్సైడు లేని తావు దొరకుట కష్టము. అందుచే పరిశీలకుడు లక్ష్యముకంటె ముందు ఆ వట్టిచోటునే శోధింపవలసి వచ్చును.

ఇక లక్ష్యముల ఎన్నిక. ఇందును పంచాంగజ్ఞానము కావలెను. జ్యోతి నడినెత్తిన నున్నప్పుడు దాని తరంగము గాలిలో ఒక వంతు దూరము నడచినచో, 30 డిగ్రీల యెత్తున రెండు వంతులు, 20 డిగ్రీల యెత్తున దాదాపు మూడు వంతులు నడచును. కనుక ఏ మాసమున, ఏ జామున, ఏ జ్యోతి యెత్తున నుండునో ముందే లెక్క కట్టుకొని, దానితోపాటే యెత్తున నుండు ప్రమాణజ్యోతిని జతపరతురు. జత కుదరనిచో ఎంత మంచి లక్ష్యమైనను విడుచుట మేలు.

దీనికి ఒక్క ఉదాహరణము చెప్పెదను. కృష్ణబిలము చుట్టునున్న వెలుగును చిత్రింపవలెనని కొందరు శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. భూమిపై ఆరు తావులందున్న ఎనిమిది దూరదర్శినులను కలిపి, భూమియంత వెడల్పు గల పళ్లెమైనట్లు 1.3 మిల్లీమీటరు తరంగమున చూచుట వారి యుపాయము. అవి చిలీలో రెండు, హవాయి దీవిలో రెండు, స్పెయినులో, మెక్సికోలో, అమెరికాలోని అరిజోనాలో, దక్షిణ ధ్రువమున ఒక్కొక్కటి. ఆకాశమున కృష్ణబిలములు కోట్లున్నను లక్ష్యములుగా ప్రధానముగా రెంటినే యెన్నుకొనిరి. మన కంటికి వాని నీడయే పెద్దది. ఒకటి మన పాలపుంత నడుమ, ధనూరాశిలో మూలా నక్షత్ర ప్రాంతమున, 27,000 కాంతిసంవత్సరముల దూరమున నున్నది. బరువు సూర్యునికి 40 లక్షల రెట్లు. రెండవది ఎం 87 అను గెలాక్సీలోనిది. సూర్యునికి 650 కోట్ల రెట్లు బరువైనను, అయిదున్నర కోట్ల కాంతిసంవత్సరముల దూరముననుండుటచే నీడ దాదాపు మొదటిదానియంతే కనబడును.

ఏప్రిల్ నెలలో నడిరేయి ఉత్తరఫల్గునీ నక్షత్రమునకు తూర్పున పది డిగ్రీల దూరమున ఎం 87 తావు. చిత్తకు వాయవ్యమున సుమారు తొమ్మిది డిగ్రీల దూరమున 3సి 279 అను క్వేజారు తావు. రెండును వట్టి కంటికి కానరావు. 2017 ఏప్రిల్ 5వ తేదీ మొదలు 11వ తేదీ వరకు గల దినములలో, ఆకాశము నిర్మలముగా నున్న అయిదు రాత్రులు ఎనిమిది దూరదర్శినులును పనిచేసెను. 3సి 279 మిక్కిలి బలమైనది కనుక దానిని సాక్షిగా పెట్టుకొనిరి. దక్షిణ ధ్రువమునకు ఎం 87 ఉదయింపనే యుదయింపదు; కాని సాక్షి ఉదయించును. కావున ఆ దూరదర్శిని సరిగా నడచుచున్నదో లేదో చూచుటకును అది యక్కరకు వచ్చెను. చిలీలోని రెండును ఒకదాని ప్రక్క నొకటి, హవాయిలోని రెండును అట్లే యున్నందున, ఇరుగుపొరుగులు చూచినదొక్కటే కావలెనను న్యాయముచే వానిని వానితోనే సరిచూచిరి.

ఎం 87 చిత్రము 2019 ఏప్రిల్ 10వ తేదీన లోకమునకు చూపబడెను: ఒక వికలలో పదిలక్షలవ వంతును కొలగా తీసికొన్నచో 42 కొలల వెడల్పు గల వెలుగు వలయము. అంతకుముందు నాలుగు బృందములవారు ఒకరి పని ఒకరికి తెలియనీయక వేరువేరుగా చిత్రించి, పిమ్మట సరిచూచుకొనిరి. వలయము, బిళ్ల, నెలవంక, జంటచుక్కలు అను కల్పిత రూపములను యంత్రగణితమునకిచ్చి, ఇచ్చిన రూపమే తిరిగి వచ్చుచున్నదా యనియు పరీక్షించిరి. లేనిచో వలయము ఆకాశమునందున్నదో గణించువాని మనస్సునందున్నదో యెవరు చెప్పగలరు?

సాక్షి సంగతియు విచిత్రముగా పరిణమించెను. బిందువువలె నుండునని పిలిచిన 3సి 279, అంతటి సూక్ష్మదృష్టికి బిందువు గాక, రెండు భాగములుగా కానవచ్చెను. దాని చిమ్మెడి ధారలోని యీ నిర్మాణమును గూర్చి 2020లో వేరుగా ప్రకటించిరి. సాక్ష్యమునకు వచ్చినవాని కథయే యొక కథ యైనది.

పాలపుంత నడుమ నున్న బిలము మాత్రము అంత సులభముగా చిక్కలేదు. అదే రాత్రులు చూచిన దాని చిత్రము 2022 మే 12వ తేదీన గాని వెలువడలేదు. ఎం 87 బిలము మిక్కిలి పెద్దది. దాని చుట్టు తిరుగు వెలుగు రోజుల తరబడి మార్పు లేకుండ నుండును. ఇది చిన్నది, నిమిషములలో మారును. భూమి తిరుగుచుండగా రాత్రియంతయు ఒకే రూపము నిలిచియుండునను నమ్మకముపైననే ఈ చిత్రణము సాగును. ఆ నమ్మకము ఇక్కడ చెల్లలేదు. ధనూరాశిలో నొకటి, దాని పొరుగున నొకటి, రెండు క్వేజారులను సాక్షులుగా నిలిపి, మార్పులో నెంత యంత్రములది, ఎంత గాలిది, ఎంత బిలముది యని విడదీయుటకు అయిదేండ్లు పట్టినది. 1933లో కార్ల్ జాన్‌స్కీ అను ఇంజనీరు ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను మొట్టమొదట గుర్తించినట్లు ప్రకటించెను. జ్యోతుల రేడియో బలమును తూచు కొలమానమునకు నేడు వాని పేరే పెట్టినారు. వానికి వినవచ్చిన సవ్వడి యీ ధనూరాశి దిక్కునుండియే.