మనాదిని మన మాటలో చెప్పుకునే హక్కు
(భివండీ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాంచాల మోతలో పక్కవాడి మాట వినబడదు. ఆ మోత ఆగిన తరువాత కూడా కొందరికి నిద్ర పట్టదు, గుండె దడ తగ్గదు, నలుగురిలో ఉండబుద్ధి కాదు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ నుంచి వచ్చిన మన ఇళ్లలో దీనిని మనాది అంటాము, బుగులు అంటాము. వైద్యులు కుంగుబాటు, ఆందోళన అంటారు.

ఈ బాధకు మందులే కాదు, మాట కూడా చికిత్సే. 'నేనెందుకూ పనికిరాను' అన్న తలపు ఎంతవరకు నిజమో మనస్తత్వ నిపుణుడు రోగి చేతనే పరీక్షింపజేస్తాడు. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ రూపొందించిన పద్ధతి ఇది. ఇక్కడ మాటే పనిముట్టు. అది రోగి మాట కాకపోతే పని సాగదు. మరాఠీ, హిందీ రాని తల్లి పక్కన బడికి పోయే కొడుకును దుబాసీగా కూర్చోబెడితే, చావాలనిపిస్తున్నదన్న సంగతిని ఆమె ఆ బిడ్డ నోట ఎట్లా పలికించగలదు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 22వ సెక్షను, రోగికి అర్థమయ్యే భాషలో సమాచారం పొందే హక్కు ఇచ్చింది. సమాచారం దాకా వచ్చిన ఆ హక్కు సంభాషణ దాకా రావాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అది అందించే భాషలలో తెలుగు ఉన్నది. అయితే ఫోను ఎదుటి మనిషికి సాటి కాదు. ఇక్కడి ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రిలో వారానికి ఒక పూటైనా తెలుగు తెలిసిన నిపుణుడు కూర్చోవాలని మనమందరం వ్రాతపూర్వకంగా కోరుదాం. ఇది దయ కోసం చేసే విన్నపం కాదు, వైద్యంలో భాగం.