ఆటయు, మనోధైర్యమును



అమీరుపేట నుండి పంజాగుట్ట వఱకు నడచినచో శిక్షణాలయముల పలకలు లేని గోడ యరుదు. ఆటలాడు బాలబాలికలకు మనస్సును నిలుపుకొను విధమును నేర్పు శిక్షకులును నిపుడు గలరు. "మనస్సునకు మాస్టరేల?" యని మా వీథి పెద్దలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఇంటికడ పద్యమును తడబడక చదివిన బాలుడు ఇన్‌స్పెక్టరుగారి యెదుట మూగవోవుటను బడిలో ముప్పదియేండ్లు చూచితిని. వాడు పద్యమును మఱవలేదు. భయము నోటి కడ్డుపడినది.

మన యష్టావధానమున అప్రస్తుతప్రసంగి యుండును గదా! అవధాని యేకాగ్రతను చెఱచుటయే యాతని పని. అవధాని కోపింపడు, చమత్కారముగా బదులు చెప్పి, నవ్వి, విడిచిన పాదమును మరల నందుకొనును. ఈ శిక్షకులు నేర్పునదియు నిట్టిదే. అభ్యాసమునందే సందడి కల్పింతురు. తప్పిన దెబ్బను విడిచి, నిండుగా నూపిరి తీసి, రాబోవు బంతినే చూడు మందురు.

మన హైదరాబాదు యువతి పి. వి. సింధు 2017లో ప్రపంచ బ్యాడ్మింటను పోటీ తుదియాటలో జపాను దేశపు ఒకుహారతో 110 నిమిషములు పోరాడి యోడెను. 2018లోను తుదియాటలోనే యోటమి. 2019లో బాసెల్ నగరమున ఆ యొకుహారనే 21-7, 21-7తో గెలిచెను. రెండుమాఱులు జాఱిన మెట్టునే మరల నెక్కుటకు కాళ్ల బలము మాత్రమే చాలునా?

తల్లిదండ్రులారా, ఆడి వచ్చిన బిడ్డను గుమ్మములో నిలిపి "గెలిచితివా?" యని యడుగకుడు. ముందు అన్నము పెట్టుడు. ఆటలో నేది బాగుండెనో పిమ్మట నడుగవచ్చును. మా యెదురింటి బాలిక పోటీనాడు కడుపునొప్పి యని పండుకొనెడిది. తండ్రి యా ప్రశ్న మానెను. ఆ పిల్ల యిప్పటికిని తఱచుగా నోడుచునే యున్నది. కాని పోటీనాడు అందఱికంటె ముందు తానే సంచి భుజమున వేసికొనుచున్నది.