సైకిలు యాత్రలో మొదటి దినము
(ప్రసంగ పాఠము)



ఒకనాడు గంటకింతయని అద్దె సైకిలు తెచ్చి, తొక్కుట నేర్చుకొనుచు మోకాలు గీరుకొనని బాలుడు పల్లెలలో అరుదు. అట్టి సైకిలుపై ఒక దేశమును చుట్టివచ్చుటకు అరువది మంది ఒక్కమారుగా బయలుదేరిన మొదటి దినపు వృత్తాంతమే నేటి ప్రసంగ విషయము. ఆ దేశము ఫ్రాన్సు. ఆ దినము 1903 జూలై 1. ఆ యాత్రను పుట్టించినది రాజు గాదు, సైన్యము గాదు, ఒక వార్తాపత్రిక. కావున పత్రికలు చదువుకొను ఈ గ్రంథాలయమున దానిని ముచ్చటించుట సముచితము.

పారిస్ నగరమున 1900లో వెలసిన ‘లోటో’ అను క్రీడాపత్రికకు ‘లె వెలో’ అను పాత పత్రికతో గట్టి పోటీ యుండెను. చదువరులు చాలక పత్రిక తడబడుచుండ, 1902 నవంబరులో జియో లెఫెవ్ర్ అను యువ విలేఖరి, దేశమంతటిని చుట్టివచ్చు సైకిలు పందెమును సూచించెను. సంపాదకుడగు ఆన్రీ దెగ్రాంజ్ మొదట సంకోచించినను తుదకు సమ్మతించెను. 1903 జనవరిలో ప్రకటన వెలువడెను.

కాని పేరు నమోదు చేసికొన వచ్చినవారు మిక్కిలి కొలదిమంది. కారణము స్పష్టమే. అయిదు వారములు పని మానుకొని, చేతి సొమ్ము ఖర్చు పెట్టుకొని తిరుగగలవారెందరుందురు? పత్రికవారు జనమును నిందింపలేదు; తమ నిబంధనలనే సవరించుకొనిరి. ప్రవేశ రుసుమును 20 ఫ్రాంకుల నుండి 10కి తగ్గించిరి. కాలమును 19 దినములకు కుదించిరి. మొదటి ఏబది మందికి దినమునకు 5 ఫ్రాంకుల బత్తెము నిచ్చెదమనిరి. అంతట అరువది మంది సిద్ధపడిరి.

పారిస్ చెంతనున్న మోంజెరోన్ గ్రామమున ఒక కాఫీ హోటలు ముంగిట, మధ్యాహ్నము 3 గంటల 16 నిమిషములకు యాత్ర మొదలాయెను. చేరవలసినది లియోన్ నగరము. దూరము 467 కిలోమీటర్లు. మన విజయవాడ నుండి చెన్నపట్టణమునకు గల దూరము కన్న అది ఎక్కువ. నడుమ పడక లేదు. రాత్రి యంతయు తొక్కవలసినదే. ఆ సైకిళ్లకు గేర్లు మార్చు సాధనము లేదు. బాటలు దుమ్ముతో నిండినవి. అదనపు టైర్లను భుజములకు చుట్టుకొని పోవువారు. పంక్చరైనచో ఎవరిది వారే బాగుచేసికొనవలెను. దారిలో నియమిత స్థలములందు ఆగి సంతకము చేయవలెను. లెఫెవ్ర్ కొంత రైలులోను, కొంత సైకిలుపైనను వారి వెంటబడి పోవుచు వార్తలు సేకరించెను.

గెలుచునని పలువురు తలచిన ఇపోలిట్ ఓకుటూరియే కడుపునొప్పిచే దారిలోనే విరమించెను. మొత్తపు లెక్కలో అతని స్థానము పోయినను, తరువాతి మజిలీలలో పాల్గొనుటకు నిబంధనలు అంగీకరించెను. అతడు సిగ్గుపడి ఇంటికి పోలేదు. తరువాతి రెండు మజిలీలను తానే గెలిచెను.

మరునాటి ఉదయము 9 గంటల వేళ లియోన్ నగరమును మొదట చేరినవాడు మోరిస్ గారెన్. ఇటలీ దేశపు కొండలోయలో పుట్టి, చిన్ననాట పొగగొట్టములు శుభ్రపరచి పొట్టపోసికొన్నవాడు. అతనికి పట్టిన కాలము 17 గంటల 45 నిమిషములు. రెండవవాడు కేవలము 55 సెకనుల వెనుక వచ్చెను.

ఆరు మజిలీలలో 2,428 కిలోమీటర్లు గడచి, జూలై 19న యాత్ర ముగియునప్పటికి నిలిచినవారు 21 మంది. గారెన్ రెండవవానికన్న సుమారు మూడు గంటలు ముందుండెను. కడపటివాడు గారెన్ కన్న దాదాపు 65 గంటలు వెనుకబడెను. అయినను యాత్ర పూర్తిచేసెను. పత్రిక చదువరులు రెట్టింపునకు మించిరి. మరు సంవత్సరము గారెన్ మరల ముందు వచ్చినను, నిబంధనలు మీరెనని విజయమును రద్దు చేసిరి. కీర్తి గడించుటకన్న నిలుపుకొనుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

సోదరులారా, సోదరీమణులారా! ఆ మొదటి దినమును సాధ్యము చేసినది గారెన్ కాళ్ల బలము మాత్రమే గాదు. సగమునకు తగ్గిన రుసుము, దినమునకు అయిదు ఫ్రాంకుల బత్తెము. అవి లేనిచో కూలినాలి చేసికొను బిడ్డలు ఆ బాట త్రొక్కియుండెడివారు కారు. గ్రంథాలయమునకును ఇదియే వర్తించును. తలుపు తెరచియుంచి, జనము రారేమని విచారించుట చాలదు. పొలము నుండి ప్రొద్దుగ్రుంకి వచ్చినవానికి అప్పుడు దీపము వెలుగుచుండవలెను. చందా కట్టలేనివానికి గడప ఎత్తు కారాదు. ఇరువదియైదేండ్ల దారి నడచిన సంస్థకు రేపటి ఉదయము మరల మొదటి దినమే. కడపటి పాఠకుడును చేరునట్లు ఆ దారిని సవరించుటయే ఈ రజతోత్సవమునకు సార్థకత.