మంచం పక్కన నేర్చుకునే చదువు
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను, కరువు భత్యం, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకునే ఈ సభలో నర్సింగు విద్యార్థుల శిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి, ఎక్కువ కాలం మెడికల్ వార్డులోనే పనిచేశాను. చివరి పదేళ్ళు ట్యూటరుగా విద్యార్థులను వెంటబెట్టుకుని అదే వార్డులో తిరిగి పదవీ విరమణ చేశాను.

ఈ సంగతి మనకెందుకు అని ఎవరైనా అనుకోవచ్చు. బీపీ, షుగరు, ఆయాసం, పక్షవాతం, గుండె నీరసం – మన వయసువారిని ఆసుపత్రికి చేర్చేవి చాలావరకు ఇవే. ఇవన్నీ మెడికల్ వార్డు జబ్బులే. అర్ధరాత్రి మన మంచం దగ్గరకు వచ్చే నర్సుకు ఏం తెలుసు అన్నది, ఆ అమ్మాయి చదువుకునే రోజుల్లో ఎంతమంది రోగుల దగ్గర, ఎవరి పర్యవేక్షణలో పనిచేసింది అన్నదాన్నిబట్టి ఉంటుంది. కనుక ఇది మన విషయమే.

సర్జికల్ వార్డులో కట్టు, కుట్టు కంటికి కనబడతాయి. మెడికల్ వార్డులో జబ్బు లోపల ఉంటుంది. అందుకని అక్కడ నర్సు పనిలో సగం గమనించడమే. నాడి చూడటం చిన్న పని అనిపిస్తుంది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోదా అని విద్యార్థులు అడిగేవారు. నాడి లయ తప్పినప్పుడు ఆ లెక్క తప్పుతుంది. పూర్తిగా నిమిషం లెక్కపెట్టాలి. గుండె లయ తప్పినవారికయితే ఇద్దరు కలిసి చూడాలి. ఒకరు స్టెతస్కోపుతో గుండె దగ్గర, ఇంకొకరు మణికట్టు దగ్గర, ఒకే గడియారం చూస్తూ, ఒకే నిమిషం. రెండు అంకెలకూ తేడా వస్తే అది డాక్టరుగారికి తప్పక తెలియవలసిన కబురు.

ఊపిరి లెక్క ఇంకొక విద్య. లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు. అందుకే నాడి చూడటం అయిపోయినా మణికట్టు మీద వేళ్ళు తీయకుండా, కళ్ళతో ఛాతీని చూస్తూ ఊపిరి లెక్కపెట్టమని నేర్పుతాం. తాగిన నీళ్ళు, పోసిన మూత్రం కొలిచి చార్టులో రాయడం, కదలలేని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి వీపు చూడటం, స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకుండా బంధువులను ఆపడం – ఇవన్నీ పుస్తకంలో ఒక్కొక్క వాక్యమే. వార్డులో ఒక్కొక్కటీ ఒక అలవాటు కావాలి.

ఒక్క ఉదాహరణ చెబుతాను. షుగరు జబ్బుతో చేరిన ఒక పెద్దాయన, రిటైరయిన మాస్టారు, మా వార్డులో ఉండేవారు. ఉదయం ఇన్సులిన్ ఇచ్చారు. ఆ రోజు టిఫిను రావడం ఆలస్యమయింది. ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే నిద్రపోతున్నారనుకుని అందరూ పక్కనుంచి వెళ్ళిపోయారు. రెండో సంవత్సరం విద్యార్థిని ఒకతె నా దగ్గరకు పరుగెత్తుకుంటూ వచ్చి, "మేడమ్, మాస్టారి తలగడ తడిసిపోయింది, పలకరిస్తే మాట తేడాగా ఉంది" అంది. చూస్తే షుగరు బాగా పడిపోయి ఉంది. వెంటనే గ్లూకోజు ఎక్కించారు. పావుగంటలో ఆయన లేచి కూర్చుని, ఇంకా టిఫిను రాలేదేమని అడిగారు.

ఆ అమ్మాయి తెలివైనదే, కాదనను. కాని ఆమెకది తెలియడానికి అసలు కారణం వేరు. అయిదు రోజులుగా ఆ మాస్టారితో కలిపి ముగ్గురు రోగులను ఆమెకే అప్పగించాం. ఆయన మాట మామూలుగా ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. మామూలు తెలిస్తేనే తేడా తెలుస్తుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన కూడా ఇదే చెబుతుంది. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు, పదిమంది విద్యార్థులకు ఒక బోధకురాలు ఉండాలి. ఇవి కాగితం మీది అంకెలు కావు. ముగ్గురయితే ముఖాలు గుర్తుంటాయి. పదిమందయితే ఎవరి చెయ్యి వణుకుతోందో ట్యూటరుకు కనబడుతుంది.

వార్డులోనే నేర్పడం కొత్త సంగతి కాదు. 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ స్కూలు మొదలయినప్పుడే శిక్షణ చాలావరకు వార్డు సిస్టర్ల కింద సాగింది. మన దక్షిణాదిలో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1909లో వెల్లూరులో నర్సింగు స్కూలు పెట్టారు. 1946లో వెల్లూరులోను, ఢిల్లీలోను నర్సింగు డిగ్రీ చదువులు వచ్చాయి. చదువు స్థాయి పెరిగినా వార్డు మాత్రం తప్పలేదు.

మా రోజుల్లో ఒక లోపం ఉండేది. విద్యార్థులను చదువుకునేవారిగా కాక, వార్డుకు చేతి సాయంగా చూసేవారు. రాత్రి డ్యూటీలో నలభై మంచాలకు ఒక స్టాఫ్ నర్సు, ఇద్దరు విద్యార్థినులు. చేతులు పని నేర్చుకునేవి గాని, ఎందుకు చేస్తున్నామో చెప్పే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఆ తరువాత దానికి పూర్తిగా ఎదురు లోపం చూశాను. సొంత ఆసుపత్రి సరిగా లేని ఒక కళాశాలవారు బస్సు నిండా విద్యార్థులను తెచ్చి మా వార్డులో దింపేవారు. ఒక మంచం చుట్టూ పన్నెండు మంది. ముందున్న ఇద్దరికి రోగి కనబడతాడు, వెనకున్నవారికి ముందున్నవారి జడలు కనబడతాయి. మధ్యాహ్నానికి అందరి పుస్తకాల్లోనూ "నాడి చూశాను, ఇంజక్షను ఇచ్చాను" అని ఉండేది. అలా సంతకాలు పెట్టిన పుస్తకంతో పరీక్ష గట్టెక్కవచ్చు. తరువాత ఆ చేతుల్లో పడేది రోగి ప్రాణం.

ఇప్పుడు బొమ్మల మీద నేర్పే ప్రయోగశాలలు వచ్చాయి. 2021లో నోటిఫై అయిన బి.ఎస్సీ. నర్సింగు పాఠ్యప్రణాళికలో వాటికి మంచి స్థానమే ఇచ్చారు. మొదటి సూది బొమ్మకు గుచ్చడం రోగికీ మేలు, విద్యార్థికీ మేలు. నేను దానికి వ్యతిరేకిని కాను. కాని బొమ్మకు భయం ఉండదు, సిగ్గు ఉండదు, రాత్రి కొడుకు రాలేదన్న దిగులు ఉండదు. అవి ఉన్న మనిషి దగ్గర పని చేయడం మనిషి దగ్గరే నేర్చుకోవాలి.

ఇందులో మనం చేయగలిగింది రెండు విధాలుగా ఉంది.

మొదటిది, మనం రోగులుగా ఉన్నప్పుడు. విద్యార్థిని వస్తే "నువ్వొద్దమ్మా, పెద్ద సిస్టరును పిలువు" అని వెంటనే పంపేయకండి. నాడి చూడనివ్వండి, బీపీ చూడనివ్వండి, మీ జబ్బు సంగతి ఓపికగా చెప్పండి. మన శరీరం ఆ పిల్లలకు పాఠ్యపుస్తకం. అయితే మీ అనుమతి అడిగి చేయడం వారి విధి. సూది, మందు ఇచ్చేటప్పుడు ట్యూటరో స్టాఫ్ నర్సో పక్కన ఉన్నారా అని అడగడం మీ హక్కు. వద్దనే హక్కు కూడా మీకుంది. ఇన్సులిన్ తీసుకునేవారు ఒకటి గుర్తుంచుకోండి. సీసా మీద 40 ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 ఉంటే నారింజ రంగు మూత సిరంజి. 100 మందును 40 సిరంజిలో అంకె చూసి లాగితే రెండున్నర రెట్లు మందు ఒంట్లోకి పోతుంది. పిల్లలను ఆ రంగు సంగతి అడగండి. చెబితే మెచ్చుకోండి, చెప్పలేకపోతే ట్యూటరుకు చెప్పండి.

రెండవది, మన మనుమరాళ్ళను, మనుమలను నర్సింగులో చేర్చేటప్పుడు. భవనం, బస్సు, హాస్టలు చూసి డబ్బు కట్టకండి. కౌన్సిల్ గుర్తింపు ఉందా, మెడికల్ వార్డు శిక్షణ ఏ ఆసుపత్రిలో, ఎన్ని మంచాలు, అందులో రోగులు నిజంగా ఉంటారా, ఒక్కొక్క విద్యార్థికి ఎంతమంది రోగులను అప్పగిస్తారు, ట్యూటరు వార్డులో ఉంటారా – ఈ ప్రశ్నలు అడగండి. వీలయితే ఒక ఉదయం ఆ వార్డుకు వెళ్ళి, మంచం పక్కన ఎంతమంది నిలబడి ఉన్నారో మీ కళ్ళతో చూసి రండి. రెండో మూడో సంవత్సరం పిల్లలు కనబడితే వారినే అడగండి. ఉన్నమాట చెబుతారు.

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ మనం ఫైళ్ళు, హాజరు పట్టీలు, నిబంధనలు సరిగా ఉన్నాయా లేదా అని చూసినవాళ్ళమే. ఆ చూపును ఈ విషయం మీద కూడా కాస్త ఉంచమని మనవి.