ముందు తెలిసేది మీకే

పట్టా అందుకున్న పిల్లలూ, మీకు అభినందనలు.

నేను మత్తు వ్యసనాలకు వైద్యం చేసే డాక్టర్ని. మా ఓపీకి కుర్రవాళ్లను ఎక్కువగా తల్లులే తీసుకొస్తారు. "మాకు మొన్నమొన్ననే తెలిసింది సార్" అంటూ కళ్లు తుడుచుకుంటారు. అప్పటికి అలవాటై రెండు మూడేళ్లు దాటి ఉంటుంది. హాస్టల్లో పక్క మంచం మీద పడుకునే స్నేహితుడికి మాత్రం మొదటి నెలలోనే తెలుసు.

ఒకసారి అలాంటి స్నేహితుడే వచ్చాడు, తన రూమ్మేట్‌ను ఆటోలో ఎక్కించుకుని. మందు మానేస్తానని ఒట్టేసి రెండు రోజులుగా గది దాటలేదట ఆ అబ్బాయి. చేతులు వణుకుతుంటే చొక్కా గుండీలు స్నేహితుడే పెట్టాడు, ఒకటి తప్పు కాజాలో పడింది. ఆ రాత్రే వార్డులో ఫిట్స్ వచ్చాయి. గదిలోనే ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. దయచేసి ఎవరినీ ఒట్లతో, తాళాలతో మాన్పించకండి. ఆసుపత్రికి తీసుకురండి.

గంజాయి దగ్గర కేసు భయం అడ్డొస్తుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఉంది. వాడినందుకో, కొద్దిపాటి సరుకు దొరికినందుకో కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చి పూర్తి చేస్తే, ఆ కేసులో శిక్ష నుంచి రక్షణ ఉంటుంది. మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా దారి చెబుతారు.

ఇక "వాడి గుట్టు నేనెలా బయటపెట్టను?" అనే మొహమాటం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్నారు. సారా వల్ల పడుతున్న బాధను, ఇంటి గుట్టని దాచుకున్నదాన్ని, చదువుల దగ్గర ఒకరికొకరు చెప్పుకున్నారు. ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ పోరాటం జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్లింది. వాళ్లకు అప్పటికి వచ్చింది నాలుగు అక్షరాలే!

ఇది వింటుంటే మీలో కొందరికి ఒక పేరు గుర్తొచ్చి ఉంటుంది. అది మీ పేరే అయినా సరే. సభ అయ్యాక నేను వేదిక పక్క వేపచెట్టు కింద కూర్చుంటాను. నా బస్సు రాత్రికి.